ఎవరి లెక్క ముందు?

వందల కంప్యూటర్లను కలిపి ఒక్క యంత్రంలా నడిపిస్తే అది క్లస్టర్. అందులో ఎవరి లెక్క ముందు చేయాలో నిర్ణయించే ప్రోగ్రామును షెడ్యూలర్ అంటారు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో రూపొందిన ‘స్లర్మ్’ అటువంటిదే. ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని గంటలు కావాలో దానికి ముందే రాసివ్వాలి.

10 కంప్యూటర్లలో 6 మరో 3 గంటలు పనిలో ఉంటాయనుకుందాం. వరుసలో ముందున్న లెక్కకు 8 కావాలి. అది అంతవరకు ఆగక తప్పదు. వెనుకనున్న మీ లెక్కకు 4 కంప్యూటర్లు, 2 గంటలు చాలు. షెడ్యూలర్ దానిని ఆ ఖాళీలోనే ముగించేస్తుంది; ముందువారికి ఆలస్యం లేదు. భయపడి 5 గంటలని రాశారా, ఆ అవకాశం పోయినట్లే! పోనీ, 1 గంట అని రాస్తే? గడువు తీరగానే లెక్క సగంలో ఆగిపోతుంది. కాబట్టి ముందు చిన్న లెక్కతో కాలం కొలిచి, కొంచెం ఎక్కువ రాయడమే తెలివి.