కర్టిస్ కాదన్న గాబా

నిద్రకై ‘గాబా’ యను పేర అమ్ముచున్న మాత్రలు మ్రింగినచో ఫలితముండునా యని బోడినాయకనూరు ఏలకుల వర్తకులొకరు వ్రాసి యడిగిరి. ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుకనున్న కథను చెప్పక నేను ఊరకుండజాలను.

1950లో యూజీన్ రాబర్ట్స్ మెదడులో కనుగొన్న గాబా యను ఆమ్లము నాడీకణములను శాంతపఱచు ప్రధాన సందేశవాహకమని నేడెల్లరు నంగీకరింతురు. కాని 1959లో కాన్‌బెర్రాలో డేవిడ్ కర్టిస్, ఫిలిస్, వాట్కిన్స్ అను మువ్వురు దానిని పిల్లుల వెన్నుపాము కణములపై పరీక్షించి, కణము శాంతించుచున్నను దాని విద్యుత్పీడనము మారలేదనియు, వెన్నుపాములోని సహజ నిరోధమును అడ్డగించు స్ట్రిక్నిన్ దీనిని అడ్డగింపలేదనియు చూపి, ఇది సందేశవాహకము కాదని తేల్చిరి. ప్రయోగము సరియైనదే, తీర్పు తప్పు. గాబా తాకినంతనే కణముపైనున్న దాని గ్రాహకములో క్లోరైడ్ అయానులకు ద్వారము తెఱచుకొనును. కణపు పీడనము అప్పటికే క్లోరైడ్ సమతాస్థితికి చేరువగా నున్నచో అది కదలకుండుటయే న్యాయము. ఐనను, చిల్లికుండలో పోసిన నీరువలె, పొరుగు కణములు పంపు ఉత్తేజమెల్ల ఆ ద్వారముననే కారిపోవుటచే కణము ఉద్రేకింపదు. ఇక స్ట్రిక్నిన్ ఆపునది మఱియొక నిరోధక సందేశవాహకమైన గ్లైసీన్ పనిని! 1970లో బైకుకులీన్ అను పదార్థము గాబాను అడ్డగించునని సహచరులతో కూడి చూపి, తన తీర్పును కర్టిసే త్రోసివైచెను.

మందు చేయువారి చిక్కు వేఱు. గాబా నాలుగు కార్బనుల గొలుసు; ఒక కొనను ధనావేశము, మఱియొక కొనను ఋణావేశము నుండుటచే అది రక్తమునుండి మెదడులోనికి చొరజాలదనియే చెప్పవచ్చును. పైగా ఎటుపడిన నటు వంగు ఆ గొలుసు, గ్రాహకమును చేరునపుడు ఏ భంగిమలో నుండునో ఊహింపవలసినదే. అమానిటా మస్కారియా యను ఎఱ్ఱని విషపుఁ బుట్టగొడుగులోని మస్సిమోల్ గొలుసులో కొంత భాగమును వలయముగా బంధించి, గాబా పనినే చేయుచుండును. కోపెన్‌హేగెన్ రసాయనికుడు క్రోగ్స్‌గార్డ్-లార్సెన్ మిగిలిన భాగమునుగూడ రెండవ వలయములో బిగించి, థిప్ అను అణువును నిర్మించెను. అది గ్రాహకమును తానే తెఱచెను, బైకుకులీన్‌కు లొంగెను, మెదడులోనికి చొచ్చెను. 1977లో దానిని ప్రకటించిన నలుగురిలో, గాబాను కాదన్న కర్టిస్ ఒకఁడు! విజ్ఞానచరిత్రలో ఇంతకంటె చక్కని ప్రాయశ్చిత్తమును నేనెఱుఁగను.

వాలియంవంటి మందులు గాబా పనికి బలము చేకూర్చునే గాని ద్వారమును తాము తెఱవవు. తానే తెఱచు థిప్, గాబోక్సడాల్ అను పేర నిద్రమందుగా కడపటి పరీక్షలవఱకు వచ్చి, 2007లో మెర్క్, లుండ్‌బెక్ కంపెనీలచే విడువఁబడెను. ఇంత సొగసైన నిర్మాణమునకు అంగడిలో చోటు దక్కకుండుట నాకు మింగుడుపడదు.

వర్తకమిత్రులారా, మీ మాత్రలోని గాబా మెదడును చేరునన్న భరోసా లేదు. నిద్రలేమికి వైద్యుని చూడుఁడు.