న్యాయస్థానములో పక్షి

1926వ సంవత్సరము అక్టోబరు మాసమున ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన ఓడ యొకటి న్యూయార్కు రేవున నిలిచెను. అందు బ్రాంకూసీ అను శిల్పి చేసిన విగ్రహములు కొన్ని ప్రదర్శనకై వచ్చినవి. సుంకపు అధికారులు పెట్టెలు విప్పించి చూడగా, ఒకదానిలో మిలమిల మెరయు కంచు వస్తువు కనబడెను. దాని యెత్తు సుమారు నాలుగున్నర అడుగులు. అడుగున సన్నగిలి, నడుమ కొంచెము లావై, పైకి పోను పోను మరల కోసుగా ముగియుచుండెను. దానికి తల లేదు, రెక్కలు లేవు, ఈకలు లేవు. పేరు మాత్రము 'పక్షి'!

1922 నాటి అమెరికా చట్టము ప్రకారము శిల్పి స్వయముగా సృష్టించిన విగ్రహములకు సుంకము లేదు. లోహపు సామానునకు నూటికి 40 వంతుల సుంకము కలదు. అధికారులు ఈ పక్షిని వంటపాత్రలు, ఆసుపత్రి పరికరములు మొదలగు వాని వర్గమున చేర్చి, సుంకము కట్టుమనిరి.

వారిని చూచి నవ్వుట సులభము. కాని వారికి ఆధారము లేకపోలేదు. 1916లో ఒక వ్యాజ్యమున న్యాయస్థానము, శిల్పమనగా ప్రకృతిలోని రూపములను, ముఖ్యముగా మానవాకృతిని, సరియైన కొలతలతో అనుకరించునది అని తీర్పు చెప్పియుండెను. ఈ కంచు ముక్క దేనిని అనుకరించుచున్నది?

ఆ ప్రశ్నకు సమాధానము పెట్టెలో దొరకదు; శిల్పి పనిచేసిన యేండ్లలో వెదకవలెను. బ్రాంకూసీ రుమేనియా దేశపు పల్లెలో 1876లో జన్మించినవాడు. 1910 ప్రాంతమున తన దేశపు జానపద కథలలోని మాయపక్షి నొకదానిని చెక్కెను. దానికి మెడ, తెరచిన ముక్కు, ఉబికిన రొమ్ము ఉన్నవి. అటుపిమ్మట అతడు పక్షి వెంట పక్షిని చేయుచు, ఒక్కొక్క అవయవమును విడిచిపెట్టుచు వచ్చెను. పక్షి శరీరము కాదు, ఎగురుటయే అతనికి కావలసినది. ఆ పక్షులను వరుసగా చూచినవారికి కడపటిది అంత వింతగా తోచదు. ఒంటరిగా పెట్టెలో చూచినవారికి అది వింత యగుటలో ఆశ్చర్యమేమి?

ఆ పక్షి యజమాని ఛాయాచిత్రకారుడగు ఎడ్వర్డ్ స్టైకెన్. బ్రాంకూసీ పేర వ్యాజ్యము దాఖలయ్యెను. 1927లో విచారణ జరిగెను. "దీనిని అడవిలో చూచినచో పక్షియని తుపాకి పేల్చెదరా?" అని న్యాయమూర్తి స్టైకెన్‌ను అడుగగా, పేల్చనని అతడు ఒప్పుకొనెను. నేర్పుగల పనివాడు దీనిని చేయలేడా యని ప్రభుత్వ న్యాయవాది మరియొక సాక్షిని ప్రశ్నించెను. ఆ సాక్షి జేకబ్ ఎప్‌స్టైన్ అను శిల్పి. పనివాడు మెరుగు పెట్టగలడు గాని, ఆ రూపమును ఊహింపజాలడని అతడు బదులు పలికెను. ప్రాచీన ఈజిప్టు వారు రాత మలచిన డేగ నొకదానిని కూడ చూపెను. దానికిని ఈకలు లేవు.

మన అమరావతి ఫలకములే ఇందుకు చాలును. వానిలో కొన్నింట బుద్ధుని దేహము కానరాదు. ఖాళీ సింహాసనమో, పాదముద్రలో, ధర్మచక్రమో ఉండును. చుట్టును భక్తులు మ్రొక్కుచుందురు. 1916 నాటి కొలబద్దతో కొలిచినచో ఆ ఫలకమున బుద్ధుడే లేడనవలెను.

ప్రభుత్వపక్షమున సాక్ష్యమిచ్చినవారును శిల్పులే. వారు ఇది కళ కాదనిరి. నిపుణులే రెండుగా చీలిన పిమ్మట నిర్ణయించువారెవరు?

1928 నవంబరు 26న తీర్పు వెలువడెను. ప్రకృతిని అనుకరించుటకు మారుగా భావములను రూపించు క్రొత్త సంప్రదాయ మొకటి పుట్టినదనియు, అది తమకు నచ్చినను నచ్చకున్నను దాని ఉనికిని గుర్తింపవలసియున్నదనియు న్యాయస్థానము పలికెను. ఆ వస్తువు శిల్పి స్వయముగా సృష్టించినది, కంటికి ఇంపైనది, మరియే పనికిని ఉపయోగపడదు. కావున సుంకము లేదని తేల్చిరి. పక్షితో దాని పోలిక పట్టుట కష్టమని కూడ వారు దాచక చెప్పిరి. సుంకము సంగతి తీర్పుతో ముగిసెను గాని, దానిని చూచి ఆనందింపవలెనని ఏ న్యాయస్థానమును ఎవరిని శాసింపలేదు.

తరువాతి దశాబ్దమున ఇండోరు మహారాజు యశ్వంతరావు హోల్కరు ఇట్టి పక్షులను కొనెను. వానిని నిలుపుటకు ఒక ధ్యానమందిరమును కట్టింపదలచెను. అందుకై బ్రాంకూసీ 1937 చివర బయలుదేరి ఇండోరు వచ్చెను గాని, మందిరము నిర్మింపబడలేదు. తెల్లనిది ఒకటి, నల్లనిది ఒకటి, ఆ చలువరాతి పక్షులు రెండును నేడు ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలోని జాతీయ కళాశాలయందున్నవి.