పెరటి నుంచి చెరువుకు: 10 మొక్కలు 6,55,360 అయ్యే లెక్క, చట్టం చూడని దారి

పది గుర్రపు డెక్క మొక్కలు ఎనిమిది నెలల్లో 6,55,360 అవుతాయి. 1948లో పెన్‌ఫౌండ్, ఎర్ల్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు అమెరికాలోని లూసియానాలో ఈ మొక్క ఎదుగుదలను కొలిచి కట్టిన లెక్క ఇది. సుమారు రెండు వారాలకోసారి రెట్టింపు, అలా పదహారు సార్లు. అవన్నీ చేరితే దాదాపు ఎకరం మేర నీరు కనిపించదు. లూసియానాలో చలికాలం వస్తే ఆ పెరుగుదల ఆగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నీళ్లున్నన్నాళ్లూ ఆగదు.

పైగా ఇక్కడి చెరువులు, బందలు, గెడ్డలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పై చెరువు పొర్లితే కింది చెరువు నిండుతుంది. గెడ్డ పొంగితే ఆ నీళ్లు నాగావళికో, వంశధారకో, చంపావతికో చేరతాయి. ఒక ఇంటి తొట్టెలో మొదలైన మొక్క ఆ ఇంటికే పరిమితం కాదు. మన చట్టాలు దాన్ని ఓడరేవు దగ్గర చూస్తాయి, అడవి దగ్గర చూస్తాయి, పొలం దగ్గర చూస్తాయి. నర్సరీ నుంచి పెరటికి వచ్చే దారిలో మాత్రం అడిగేవారు లేరు. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఆపగలిగిన చోటు కూడా అదే.

1809: పూల కోసం తెచ్చినవి

గుర్రపు డెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు అలంకరణ మొక్కగానే వచ్చింది. అందులో ఆశ్చర్యం లేదు, పువ్వు అంత బాగుంటుంది. లేత ఊదారంగు, పై రేకు మీద పసుపు మచ్చ. కానీ చూడాల్సింది ఆకు కాడను. మధ్యలో ఉబ్బి ఉంటుంది, కోస్తే లోపలంతా గాలి గదులే. అందుకే మునగదు. మొదలు నుంచి పక్కకు ఒక తీగ పాకుతుంది, దాని చివర పిల్ల మొక్క పుడుతుంది. తీగ తెగినా పిల్ల బతుకుతుంది. గింజలైతే బురదలో ఇరవై ఏళ్ల దాకా మొలిచే శక్తితో ఉండగలవు.

తలంబ్రాల మొక్క, పులికంప అని మనవాళ్లు పిలిచే లాంటానాదీ ఇదే దారి. 1809లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి పూల మొక్కగా తెచ్చారు. దాని నల్లటి పండ్లను పిట్టలు తిని గింజలను కొండవాలుల్లో వేస్తాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలోని 44 శాతం అడవులకు లాంటానా ముప్పుంది. ఇంటి ముందు నేలను కప్పడానికి వేసే పసుపు పూల వెడీలియా కూడా సామాన్యమైనది కాదు. ప్రపంచంలో అతి చెడ్డవని ఎంచిన 100 ఆక్రమణ జాతుల జాబితాలో గుర్రపు డెక్క, లాంటానా, సుబాబుల్‌లతో పాటు అదీ ఉంది.

సర్కారు తుమ్మ కథ వేరు. అది పెరటి మొక్క కాదు. 1877లో మన కడప జిల్లా కమలాపురంలో అటవీ అధికారులే వంటచెరకు కోసం నాటించారు. దేశంలో దాని తొలి అడుగు అదే.

100లో ఎన్ని?

పరాయి మొక్కలన్నీ శత్రువులు కావు. పలాస జీడిపప్పు పేరు తెలియని తెలుగువాడుండడు. ఆ జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిందే. మిరప, టమాటా, బంతి కూడా అమెరికా ఖండాలవే.

శాస్త్రవేత్తలు వాడే ముతక లెక్క ఒకటుంది. బయటి నుంచి తెచ్చిన 100 జాతుల్లో 10 సొంతంగా బతకడం నేర్చుకుంటాయి, ఆ పదిలో ఒకటి బెడదగా మారుతుంది. జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ వేదిక 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ఇంకొంచెం గట్టి అంకె చెప్పింది. పరాయి మొక్కల్లో 6 శాతం, అంటే 1,061 జాతులు ఆక్రమణ మొక్కలుగా తేలాయి. మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు అన్నీ కలిపి ఇలాంటి జాతుల వల్ల ఏటా ప్రపంచానికి జరిగే నష్టం 42,300 కోట్ల డాలర్ల పైమాటే. నివేదిక వచ్చిన నాటి మారకంలో సుమారు 35 లక్షల కోట్ల రూపాయలు.

మన దేశానికి వస్తే, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్త సి.సుధాకర్ రెడ్డి 2008లో 173 ఆక్రమణ మొక్కల పట్టిక తయారుచేశారు. వాటిలో 74 శాతం ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చినవే. వాతావరణం మనలాంటిదే, వాటిని తినే పురుగులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. విజృంభణకు ముఖ్యమైన కారణం ఇదే.

1919 నుంచి 2022: చట్టం ఎక్కడెక్కడ ఉంది?

1919: మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు వ్యవసాయ చీడపీడల చట్టం. పురుగులు, తెగుళ్లతో పాటు హానికరమైన కలుపు కూడా దీని కిందికి వస్తుంది. ప్రభుత్వం ఒక మొక్కను ఫలానా ప్రాంతంలో హానికరమని ప్రకటిస్తే, భూమి ఎవరి అనుభవంలో ఉంటే వారే దాన్ని తొలగించాలి. తొలగించకపోతే అధికారులు ఆ పని చేయించి ఖర్చు రాబడతారు. పొరుగున కర్ణాటక ఇలాంటి చట్టం కిందే 1975లో వయ్యారిభామను హానికర కలుపుగా ప్రకటించింది.

1994: పంచాయతీరాజ్ చట్టం. చెత్త కుప్పలతో పాటు పిచ్చిచెట్లను, నాగజెముడును తొలగించడం పంచాయతీ విధుల్లో ఒకటి. ఒక్క మొక్కనే ఎందుకు పేరుపెట్టి చెప్పారు? ఒకప్పుడు దక్షిణాదిలో వేల ఎకరాలు దాని కిందే ఉండేవి. 1926లో సింహళం నుంచి తెచ్చిన ఒక పొలుసు పురుగు దాన్ని అణిచింది. మొక్క చాలావరకు పోయింది, పేరు చట్టంలో మిగిలింది.

2002: నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం. సొంత స్థలంలో ఉన్నా చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపుంది. పరాయి చెట్టు కదా అని గొడ్డలి ఎత్తకముందే అటవీ శాఖను అడగడం మేలు.

2003: మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు. విదేశాల నుంచి విత్తనం, మొక్క, దుంప ఏది తెచ్చినా అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అడుగు పెట్టనివ్వకూడని కలుపు జాతుల జాబితా కూడా ఇందులో ఉంది. విదేశాల్లోని పిల్లల దగ్గర నుంచి వస్తూ సంచిలో పూల గింజలు వేసుకొచ్చే అమ్మానాన్నలకూ ఇది వర్తిస్తుంది.

2022: వన్యప్రాణి సంరక్షణ చట్టానికి సవరణ. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆక్రమణ పరాయి జాతులకు తొలిసారి నిర్వచనం ఇచ్చి, వాటి దిగుమతిని, వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని, వ్యాప్తిని నియంత్రించే అధికారాన్ని 62ఎ సెక్షన్ ద్వారా కేంద్రానికి ఇచ్చింది. స్వాధీనం చేసుకుని నాశనం చేయించవచ్చు కూడా. అయితే నోటిఫికేషన్‌లో పేరున్న జాతికే ఇది వర్తిస్తుంది.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే లోటు కనబడుతుంది. 1919 చట్టం, 2022 సవరణ రెండూ నోటిఫికేషన్ కోసం ఆగుతాయి. 2003 ఉత్తర్వు సరిహద్దు దగ్గర ఆగుతుంది. ఇప్పటికే దేశంలో ఉన్న మొక్కను అమ్మేవారు దాని స్వభావం కొనేవారికి చెప్పి తీరాలని వీటిలో ఏదీ అడగదు.

ఇతర చోట్ల ఏం చేశారు?

ఐరోపా సమాఖ్య 2016లో 37 జాతులతో తొలి నిషేధ జాబితా ఇచ్చింది. అందులో గుర్రపు డెక్క ఉంది. అక్కడ దాన్ని అమ్మడం, పెంచడం, సొంత తొట్టెలో ఉంచుకోవడం కుదరదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని తెలుగు కుటుంబాలు క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రపు 2014 జీవభద్రత చట్టం కిందికి వస్తాయి. అనుమతి లేకుండా లాంటానాను అమ్మకూడదు, పక్కింటివారికి ఊరికే ఇవ్వనూ కూడదు. మన దగ్గర గుజరాత్ 2023లో కోనోకార్పస్ చెట్టు నాటడాన్ని నిషేధించింది. తమిళనాడు 2022లో ఆక్రమణ మొక్కలపై ఏకంగా ఒక విధానమే తెచ్చింది.

పెరట్లో చేయగలిగింది

గుర్రపు డెక్క, అంతరతామర తొట్టెలో ఉంటే వేర్లతో సహా తీసి, నీటికి దూరంగా గచ్చు మీద ఎండబెట్టండి. కాలువలో, గెడ్డలో పారేయొద్దు. తొట్టెకు మన కలువ, తామర చాలు.

లాంటానాను నేల మట్టానికి కొడితే మళ్లీ చిగురిస్తుంది. వేరు మొదలును మట్టి లోపలే తెంపి, తలకిందులుగా నిలిపి ఎండనివ్వాలి. కంచెకు వావిలి, అడ్డసరం, గోరింట బాగుంటాయి.

ఒక్క వయ్యారిభామ మొక్క 10 వేల నుంచి 25 వేల గింజలు రాలుస్తుంది. తొలకరి తర్వాత పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకేయాలి. పూత వచ్చాక పీకితే పుప్పొడితో చర్మానికి, ఊపిరికి ఇబ్బంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పేరు తెలియని గింజలు వద్దు. 2020 ఆగస్టులో గుర్తుతెలియని విత్తన పొట్లాల గురించి కేంద్ర వ్యవసాయ శాఖే రాష్ట్రాలను హెచ్చరించింది.

అడగాల్సిన మూడు

ఒకటి, జాబితా. 1919 చట్టం కింద గుర్రపు డెక్కను, వయ్యారిభామను, లాంటానాను ఉత్తరాంధ్ర జిల్లాలకు హానికరమని ప్రకటించాలి. రెండు, లేబుల్. నర్సరీల నియంత్రణకు రాష్ట్రంలో 2010 నుంచే చట్టం ఉంది. అది మంచి నారు, మంచి అంట్ల కోసం పుట్టింది. నర్సరీల ఊరు కడియం నుంచి లారీల్లో జాతీయ రహదారి మీదుగా మన ఊళ్లకొచ్చే పూల మొక్కల కుండీలకు స్వభావం తెలిపే చీటీని కూడా దాని నిబంధనల్లో చేర్చాలి. మూడు, రిజిస్టర్. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఏ చెరువులో ఏ మొక్క ఎంత మేర పాకిందో ఏడాదికోసారి అందులో రాయాలి.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక నోటిఫికేషన్, నర్సరీ నిబంధనల్లో ఒక సవరణ, ఒక గ్రామసభ తీర్మానంతో పని మొదలవుతుంది. మొదటి రెండూ ప్రభుత్వం చేయాలి. మూడోది మీ ఊరి చేతిలోనే ఉంది. వచ్చే గ్రామసభలో చెరువు పూడికతీత ప్రస్తావన వచ్చినప్పుడు లేచి ఈ తీర్మానం అడగండి.