ఒకే మౌస్... రెండు కంప్యూటర్లు!

బల్ల మీద రెండు కంప్యూటర్లు. ఒకటి విండోస్, రెండోది లినక్స్. కీబోర్డు మాత్రం ఒక్కటే, మౌసూ ఒక్కటే. మౌస్‌ని కుడివైపు జరుపుతూ పోతే కర్సర్ మొదటి తెర అంచు దాటి రెండో తెర మీద ప్రత్యక్షమవుతుంది. ఇక టైపు చేసిందంతా ఆ కంప్యూటర్లోనే పడుతుంది. మాయేమీ లేదు... ఓ చిన్న సాఫ్ట్‌వేర్ చేసే పని అది. కానీ దాన్ని తయారుచేయడం మాత్రం చిన్న పనేం కాదు. అందులోనూ టైపు చేసేది తెలుగైతే!

ఈ అవసరం ఎవరికి వస్తుందంటారా? యాదగిరిగుట్ట లాంటి పుణ్యక్షేత్రంలో ఓ డీటీపీ సెంటర్‌ని ఊహించుకోండి. కొండ మీద పెళ్లి పెట్టుకున్నవాళ్లు శుభలేఖల కోసం వస్తారు. అను ఫాంట్లూ, పేజ్‌మేకరూ ఉన్నది పాత కంప్యూటర్లో. ఫొటోలూ, ఇంటర్నెట్టూ కొత్తదాంట్లో. ఇరుకు బల్ల మీద రెండు కీబోర్డులు, రెండు మౌస్‌లు. ఒకదాని బదులు మరోదాన్ని కదిపి ‘ఇదేంటి, కర్సర్ కదలట్లేదు’ అనుకోవడం రోజూ ఉండేదే. కేవీఎం స్విచ్ కొనుక్కోవచ్చు. కానీ అటూ ఇటూ మారిన ప్రతిసారీ మీట నొక్కాల్సిందే.

ఒకటే... పదిమందికి!

మన దగ్గర దీనికి తిరగేసిన ప్రయోగం ఒకటి పెద్దఎత్తున జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5 వేల ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్ విద్య అందించడానికి ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను ఎంచుకుంది. ఒక కంప్యూటర్‌కే చిన్న పెట్టెల ద్వారా పలు తెరలు, కీబోర్డులు, మౌస్‌లు కలిపి, దాని శక్తిని పిల్లలందరికీ పంచే పద్ధతి అది. అక్కడ ఒక కంప్యూటర్‌కి పలు కీబోర్డులు. ఇక్కడ ఒక కీబోర్డుకి పలు కంప్యూటర్లు. రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే... ఉన్నదాన్ని పంచుకోవడం.

అమెరికాలో పుట్టింది

1996 చివర్లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థలో రిచర్డ్ లీ, ఆడమ్ ఫెడర్ అనే ఇంజినీర్లు ‘కాస్మోసినర్జీ’ని తయారుచేశారు. 2001లో క్రిస్ షోన్‌మన్ అదే ఆలోచనతో ‘సినర్జీ’ని మళ్లీ మొదట్నుంచీ రాసి, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా విడుదల చేశాడు. దాన్నుంచే తర్వాత బారియర్, ఇన్‌పుట్ లీప్ పుట్టుకొచ్చాయి. 2024 నుంచి సినర్జీకి మూలమైన ఉచిత ప్రాజెక్టు ‘డెస్క్‌ఫ్లో’ పేరుతో నడుస్తోంది.

పెద్ద కంపెనీలూ ఊరుకోలేదు. మైక్రోసాఫ్ట్ 2011లో ‘మౌస్ వితవుట్ బోర్డర్స్’ తెచ్చింది. కాకపోతే అది విండోస్‌కే. యాపిల్ 2022లో ‘యూనివర్సల్ కంట్రోల్’ ఇచ్చింది. అది మ్యాక్‌లకీ, ఐప్యాడ్‌లకే. ఎవరి ప్రహరీ లోపల వాళ్లే! ఆ గోడలు దూకించేవి సినర్జీ కుటుంబం లాంటివే.

అంచు దాటేదెలా?

కీబోర్డు, మౌస్ తగిలించిన కంప్యూటర్ సర్వర్. రెండోది క్లయింట్. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. కర్సర్ అంచుకు రాగానే సర్వర్ దాన్ని తన తెర మీద దాచేస్తుంది. ఆపై మౌస్ ఎంత కదిలింది, ఏ మీట నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారాన్ని చిన్న చిన్న సందేశాలుగా అవతలికి పంపుతుంది. తెర మీది బొమ్మలేవీ ప్రయాణించవు. అందుకే మామూలు వైఫైలోనూ పని నడుస్తుంది.

అసలు తిప్పలు ఆ తర్వాతే. విండోస్‌లో కాపీకి కంట్రోల్-సి అయితే, మ్యాక్‌లో కమాండ్-సి. షిఫ్ట్ నొక్కి ఉంచి అంచు దాటితే, దాన్ని వదిలిన సంగతి సరైన కంప్యూటర్‌కి చేరాలి. లేదంటే అక్కడ షిఫ్ట్ నొక్కినట్టే ఉండిపోతుంది. పైగా నొక్కిన ప్రతి మీటనీ వినడమంటే... పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు చేసేదీ అదేగా! అందుకే మ్యాక్ యజమాని అనుమతి అడుగుతుంది. లినక్స్‌లో కొత్తగా వచ్చిన వేలాండ్ పద్ధతి, ఒక ప్రోగ్రాములో టైపు చేసేది మరోటి వినకుండా అడ్డుకుంటుంది. దొంగకి వేసిన తాళం దొరకీ అడ్డమే కదా. ఇలాంటి సాఫ్ట్‌వేర్ల కోసం అక్కడ వేరే దారి వేయాల్సి వచ్చింది.

‘ప’ ఎక్కడుంది?

ఇక మన తెలుగు సంగతి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఇంగ్లిషు ‘హెచ్’ మీట నొక్కితే ‘ప’ పడుతుంది. మరో అమరికలో ఆ ‘ప’ ఇంకో మీట మీద ఉండొచ్చు. మరి సర్వర్ ఏం పంపాలి? ‘హెచ్ మీట’ అనా, ‘ప అక్షరం’ అనా? మీట సంగతే పంపితే అవతలి అమరికను బట్టి అక్షరం మారిపోతుంది. అక్షరాన్ని, అంటే యూనికోడ్‌లో దాని సంఖ్య 3114ని పంపితే, అది ఏ మీట మీద ఉందో క్లయింట్ వెతుక్కోవాలి. అక్కడ తెలుగు అమరికే లేకపోతే? రాదు! లాటిన్ కాని లిపులవాళ్లు ఇలాంటి ఇబ్బందుల మీద ఈ ప్రాజెక్టులకు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. తయారుచేసేవాళ్లు తాము వాడే భాషలోనే పరీక్షించుకోవడం సహజం. మన భాష పనిచేయట్లేదని మనం చెబితే తప్ప వాళ్లకి తెలిసే దారి లేదు. ఇవి ఉచిత ప్రాజెక్టులు కాబట్టి ఎవరైనా చెప్పొచ్చు, చేతనైతే సరిచేయొచ్చు కూడా. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

వాడే ముందు...

* రెండు కంప్యూటర్లలోనూ ఒకే తెలుగు అమరిక పెట్టుకోండి. ముందుగా ఒత్తులూ, గుణింతాలూ టైపు చేసి చూసుకోండి.

* అక్షరాలు తారుమారైతే ఒకచోట టైపు చేసి కాపీ చేయండి. అంచు దాటి రెండోచోట పేస్ట్ చేయండి. యూనికోడ్ తెలుగైతే చెక్కుచెదరకుండా వెళుతుంది. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసింది మాత్రం, అవతల ఆ ఫాంటు లేకపోతే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది.

* తొలినాళ్ల సినర్జీలో మీటల సమాచారం రహస్య లిపిలోకి మారకుండానే వెళ్లేది. ఇప్పటివాటిలో ఆ రక్షణ ఉంది. దాన్ని ఆపేయకండి. బస్టాండు, లాడ్జి వైఫైల మీద అసలు వాడొద్దు.

* బారియర్ అభివృద్ధి ఆగిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డెస్క్‌ఫ్లో చూడటం మేలు.