విప్పి బిగించే చక్రం

కర్ర చక్రం బలహీనమైంది కాబట్టే రబ్బరు టైరు ముందు ఓడిపోయిందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మామూలు ఎడ్లబండి చక్రంలో నడుమ కుంభం, దాని చుట్టూ పన్నెండు ఆకులు, ఆకుల కొసల మీద ఆరు పూటీలు ఉంటాయి. వడ్రంగి నల్లతుమ్మ కర్రను బాడిసతో చెక్కి, ఉలితో బెజ్జాలు తొలిచి, కుసులు దిగ్గొడతాడు. ఇంత చేశాక కూడా పూటీకీ పూటీకీ మధ్య సన్నని సందు వదిలేస్తాడు. అది పనితనంలో లోపం కాదు, కమ్మరి కోసం ఉంచిన చోటు. కమ్మరి చేసే ఇనుప కట్టు చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం పొట్టిగా ఉంటుంది. ఐదడుగుల చక్రం చుట్టుకొలత పదిహేనున్నర అడుగులు దాటుతుంది. పిడకల మంటలో ఐదు వందల డిగ్రీలు వేడెక్కితే అంత పొడవున్న ఇనుము అంగుళానికి పైగా సాగుతుంది. ఎర్రటి కట్టును పట్టకార్లతో ఎత్తి, చక్రానికి తొడిగి, సమ్మెటతో దిగ్గొట్టి, పూటీలు పొగలు కక్కుతుండగానే నీళ్లు గుమ్మరిస్తారు. ఆలస్యమైతే కర్ర బొగ్గవుతుంది. చల్లారిన ఇనుము కుంచించుకుంటుంటే సందులు మూసుకుంటాయి, ఆకులు కుంభంలోకి బిగుసుకుంటాయి. జిగురు లేదు. చక్రాన్ని నిలబెట్టేది ఆ బిగువే.

బిగువు మీద నిలిచిన వస్తువు ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుందని చేసినవాడికి ముందే తెలుసు. ఎండాకాలం కర్ర ఎండి కుదించుకుంటే కట్టు లొడలొడలాడుతుంది. చక్రాన్ని నీళ్లలో నానేస్తే కర్ర ఉబ్బి కొన్నాళ్లు నడుస్తుంది. ఆపైన కట్టు ఊడదీసి, ముక్క కోసి, అతికి, మళ్లీ కాల్చి వేయాల్సిందే. ఆకు విరిగితే ఆ ఒక్క ఆకునే మారుస్తారు. అంటే మరమ్మతు ఈ పనిలో భాగమే. అందుకు తగ్గట్టే చాలా ఊళ్లలో కూలి కూడా పనికింత అని కాక, కళ్లంలో ఏటా ధాన్యంగా కొలిచే మేరగా ఉండేది. మేర ఆగిపోయాక కొలిమి చల్లారింది, కొలిమి చల్లారాక మంచి చక్రం కూడా గోడవారకు చేరింది.

మేర ఆగడమే కారణమనడానికి గట్టి అభ్యంతరమే ఉంది. సన్నని ఇనుప కట్టు రోడ్డును కోసేస్తుంది, తారు రోడ్డు మీద టైరు బండే ఎద్దుకు తేలిక. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి ఎడ్ల అవస్థ తగ్గేలా బండిని మార్చాలని ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదన న్యాయమైనదే, పాత బండిని మళ్లీ రోడ్డెక్కించమని ఎవరూ అడగనక్కర్లేదు. ఇక ట్రాక్టరు వచ్చాక ఎద్దులే తగ్గిపోయాయి. కానీ చక్రం అక్కర తగ్గడం వేరు, చక్రం చేసే చెయ్యి పోవడం వేరు. పూరీ జగన్నాథ రథయాత్ర రథాల్లో నందిఘోషకు 16, తాళధ్వజానికి 14, దర్పదళనానికి 12, మొత్తం 42 కర్ర చక్రాలు ప్రతి ఏటా కొత్తగా చేస్తారు. ఏటా పని ఉంది కాబట్టి అక్కడ విద్య ఉంది.

హోటళ్ల ముందు రంగులు పూసి గోడకు ఆనించిన చక్రం ఈసారి కనిపిస్తే, పూటీల మధ్య సందు చూడండి. అందులో గోరు దూరిందంటే ఆ కట్టు వదులై చాలాకాలమైనట్టే.