యోధుల ఆదర్శాలు – ఆధునిక జీవితం: జపాన్, నార్స్ సంప్రదాయాల పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జపాన్, నార్స్ యోధ నీతులు ఏ కాలంలో, ఎవరి ద్వారా గ్రంథరూపం పొందాయో వివరించగలుగుతారు.
• ఆ నీతులు తరువాతి కాలంలో ఎలా ఉపయోగపడ్డాయో, ఎలా దుర్వినియోగమయ్యాయో చెప్పగలుగుతారు.
• ఒక పాత ఆదర్శాన్ని నేటి జీవితానికి అన్వయించే ముందు వేసుకోవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. విషయ పరిచయం

వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోనూ, ఉద్యోగుల శిక్షణ తరగతుల్లోనూ సమురాయ్, వైకింగ్ అనే పేర్లు తరచుగా వినిపిస్తుంటాయి. సమురాయ్‌లా క్రమశిక్షణతో ఉండాలని, వైకింగ్‌లా భయం లేకుండా బతకాలని సలహాలు ఇస్తుంటారు. ఈ సలహాలను పూర్తిగా కొట్టిపారేయనవసరం లేదు. అలాగని విన్నవెంటనే ఆచరణలో పెట్టకూడదు. యోధుల ఆదర్శాల్లో రెండు పాయలు కలిసి ఉంటాయి. మనిషి తన కోపాన్ని, భయాన్ని, మాటను అదుపులో పెట్టుకోవడం మొదటిది. తన ప్రాణాన్ని మరొకరి చేతికి అప్పగించడం రెండవది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం నేర్చుకోవడమే ఈ పాఠం ముఖ్యోద్దేశం.

2. జపాన్: యుద్ధం లేని కాలంలో యోధుల నీతి

1600లో సెకిగహారా యుద్ధంలో గెలిచిన తోకుగవా ఇయెయాసు 1603లో షోగన్ పదవి పొందాడు. షిమబారా తిరుగుబాటు 1638లో అణగారిన తరువాత జపాన్‌లో రెండు శతాబ్దాలకు పైగా పెద్ద యుద్ధాలు జరగలేదు. నడుముకు రెండు కత్తులు ధరించిన సమురాయ్‌లు ఆచరణలో లెక్కలు రాసే, పన్నులు చూసే, కాపలా కాసే ఉద్యోగులయ్యారు. వారి జీతాన్ని బియ్యం కొలతల్లో నిర్ణయించేవారు.

మనం సమురాయ్ నీతిగా చదివే ప్రసిద్ధ గ్రంథాల్లో ఒకటైన ‘హగకురే’ ఈ శాంతికాలంలోనే పుట్టింది. దీనికి మూలమైన మాటలు యమమోతో త్సునేతోమోవి. ఆయన నబేషిమా వంశపు ప్రభువు దగ్గర కొలువు చేశాడు. 1700లో ప్రభువు మరణించినప్పుడు ఆయనతోపాటు తానూ ప్రాణాలు వదలాలనుకున్నాడు. అలాంటి మరణాలను అప్పటికే నిషేధించి ఉండటంతో సన్యాసం స్వీకరించాడు. 1710 నుంచి 1716 వరకు ఆయన చెప్పిన మాటలను ఒక యువ సమురాయ్ రాసిపెట్టాడు. మరణానికి నిత్యం సిద్ధంగా ఉండటమే సమురాయ్ మార్గమన్నది అందులోని ప్రధాన భావన. ఇది యుద్ధభూమిలో పుట్టిన మాట కాదు. యుద్ధమే లేని లోకంలో యోధుడిగా తన ఉనికికి అర్థం వెతుక్కున్న మనిషి మాట.

‘బుషిడో’ అనే పేరును ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకం ఇంకా ఆధునికమైనది. నితోబే ఇనాజో దానిని ఇంగ్లీషులో రాశాడు. అది 1900లో వెలువడింది. అప్పటికి సమురాయ్ వర్గం చట్టపరంగా అంతరించి దాదాపు పాతికేళ్లయింది; వారు కత్తి ధరించడాన్ని ప్రభుత్వం 1876లోనే నిషేధించింది. నితోబే సమురాయ్ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన విద్యావేత్త. జపాన్‌కు కూడా ఉన్నతమైన నీతి సంప్రదాయం ఉందని పాశ్చాత్య పాఠకులకు చెప్పడం ఆయన ఉద్దేశం. అందువల్ల న్యాయం, ధైర్యం, దయ, మర్యాద, సత్యం, గౌరవం, విధేయత అంటూ ఆయన వరుసగా వివరించిన గుణాలను మధ్యయుగపు సమురాయ్‌ల నియమావళిగా భావించకూడదు. అది ఆధునిక రచయిత చేసిన పునర్నిర్మాణం.

ఈ ఆదర్శం తరువాత ఏమైంది? 1941లో జపాన్ సైన్యం తన సైనికులకు ఇచ్చిన నియమావళి బందీగా పట్టుబడటాన్ని అవమానంగా పేర్కొంది. ఆ తరువాతి యుద్ధంలో గెలిచే అవకాశం లేని చోట కూడా ఎందరో సైనికులు లొంగిపోకుండా మరణించారు. ఒకప్పుడు ఒక చిన్న వర్గానికి చెందిన విధేయతను రాజ్యం రైతు బిడ్డల మీద, కార్మికుల బిడ్డల మీద కూడా రుద్దింది.

యుద్ధం ముగిశాక కూడా ఆ పదజాలం పోలేదు. ఆర్థికాభివృద్ధి కాలంలో సంస్థకోసం రాత్రింబవళ్లు శ్రమించే ఉద్యోగిని ‘కంపెనీ యోధుడు’ అని పిలిచారు. అదే సమాజంలో ‘కరోషి’ అనే మాట కూడా పుట్టింది. దాని అర్థం అధిక శ్రమ వల్ల కలిగే మరణం. దీనిని నివారించే చర్యలకోసం జపాన్ 2014లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

3. నార్స్ లోకం: కత్తికన్నా ముందు అతిథి

నార్స్ అంటే నేటి నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ ప్రాంతాల పూర్వీకుల భాష, సంస్కృతి. 793లో ఇంగ్లండ్ తీరంలోని లిండిస్ఫార్న్ మఠంపై దాడి మొదలుకొని 1066 వరకు ఉన్న కాలాన్ని సాధారణంగా వైకింగ్ యుగం అంటారు. ఆ ప్రజల్లో అత్యధికులు వ్యవసాయం, పశుపోషణ, చేపలవేట మీద బతికినవారే. సముద్రం దాటి దాడులు చేసినవారు కొందరు మాత్రమే.

వీరి నీతికి ముఖ్య ఆధారం ‘హావమాల్’ అనే పద్య సంకలనం. ఇది ఓడిన్ దేవుడి పలుకులుగా ప్రసిద్ధం. మనకు దొరికిన ప్రధాన ప్రతి ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దపు ద్వితీయార్ధంలో రాసినది. అక్కడివారు క్రైస్తవం స్వీకరించి అప్పటికి రెండున్నర శతాబ్దాలు దాటింది. పద్యాలు పాతవే కావచ్చు. కాని వాటిని ఎంచి, కూర్చి, రాసిపెట్టిన చేతులు తరువాతి కాలానివి.

యుద్ధ ధర్మాలను ఆశించి హావమాల్ చదివేవారికి ఆశ్చర్యం కలుగుతుంది. అందులో ఎక్కువ భాగం ఇంటికి వచ్చిన అతిథికి నిప్పు, నీరు, భోజనం ఇవ్వడం గురించి, తాగుడులో మితం గురించి, అనవసరంగా మాట్లాడకపోవడం గురించి, స్నేహాన్ని రాకపోకలతో నిలుపుకోవడం గురించి ఉంటుంది. మంచిపేరు మనిషి తరువాత కూడా నిలుస్తుందని చెబుతుంది. అయితే ప్రాణం తీసుకొమ్మని చెప్పదు. అంగవైకల్యం ఉన్నవాడికి కూడా చేయదగిన పని ఉంటుందని, మరణంకన్నా బతికి ఉండటమే మేలని స్పష్టంగా అంటుంది. హగకురే భావనకు ఇది దాదాపు ఎదురుగా నిలిచే ఆలోచన.

ఈ సంప్రదాయానికి కూడా దుర్వినియోగం తప్పలేదు. నాజీల ఎస్.ఎస్. దళం తన చిహ్నంగా రూన్ లిపి ఆధారమైన గుర్తును వాడుకుంది. నేడు ప్రచారంలో ఉన్న ‘తొమ్మిది ఉత్తమ గుణాలు’ అనే పట్టిక ప్రాచీనమైనది కాదు. అది 20వ శతాబ్దంలో ఆధునిక బృందాలు కూర్చుకున్నది.

4. గౌరవం, ప్రతీకారం: రెండు కథలు

1701లో ఎదో కోటలో ఒక అధికారిపై కత్తి దూసినందుకు అసానో అనే ప్రభువుకు షోగన్ ప్రభుత్వం ఆత్మాహుతి శిక్ష విధించింది. ఆయన సేవకులు కొంతకాలం వేచి ఉండి ఆ అధికారిని చంపారు. 1703లో వారిలో 46 మందికి అదే శిక్ష పడింది. ప్రభుభక్తి గొప్పదా, చట్టం గొప్పదా అని పండితులు చాలాకాలం వాదించారు. ప్రజలు వారిని వీరులుగా నాటకాల్లో నిలుపుకున్నారు. అయినా రాజ్యం మాత్రం వారి ప్రతీకారాన్ని శిక్షించింది.

ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాసిన న్యాల్ సాగా కూడా ప్రతీకారం కథే. ఒక అవమానానికి మరొక హత్య, దానికి ఇంకొక హత్య. చివరికి చట్టం బాగా తెలిసిన న్యాల్‌ను, ఆయన కుటుంబాన్ని శత్రువులు ఇంట్లో ఉంచి తగలబెడతారు. అల్లుడు కారి ఆ మంటలనుంచి తప్పించుకొని ఏళ్లతరబడి పగ తీర్చుకొంటాడు. ముగింపులో కారి ఓడ తీరంలో పగిలిపోతుంది. అతడు మంచు తుఫానులో తన శత్రువు ఫ్లోసి ఇంటికే వెళ్తాడు. ఫ్లోసి అతడిని గుర్తుపట్టి ఆహ్వానిస్తాడు. ఇద్దరికీ సంధి కుదురుతుంది. పగను ఆపినది మరో కత్తి దెబ్బ కాదు, ఆతిథ్య ధర్మం.

5. నేటి జీవితానికి అన్వయం

పాత ఆదర్శాన్ని మార్చి నిలుపుకోవడం సాధ్యమేనా? సాధ్యమేనని జూడో చూపుతుంది. కానో జిగోరో 1882లో కొడోకన్ పాఠశాల స్థాపించాడు. జుజుత్సు విద్యలోని ప్రమాదకరమైన పట్లను స్వేచ్ఛా సాధననుంచి తొలగించాడు. శక్తిని సక్రమంగా వాడటం, తానూ ఎదుటివాడూ కలిసి ఎదగడం అనే సూత్రాలను దానికి పునాదిగా పెట్టాడు. ప్రత్యర్థికి వంగి నమస్కరించడం మిగిలింది, అతడిని చంపే లక్ష్యం పోయింది.

దీనినుంచి మనం నాలుగు ప్రశ్నలు రూపొందించుకోవచ్చు.

(అ) ఈ ఆదర్శాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చెప్పారు?
(ఆ) దీనిని పాటించమంటున్నది ఎవరు? నేనే ఎంచుకున్నానా, లేక దానివల్ల లాభం పొందేవారు నాకు చెబుతున్నారా?
(ఇ) దీని భారం ఎవరి మీద పడుతుంది? నా ఆరోగ్యం, నా కుటుంబం ఎంత చెల్లించాలి?
(ఈ) తప్పు అనిపించినప్పుడు ‘కాదు’ అనే హక్కు ఇందులో ఉందా?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఉద్యోగి తాను ఒప్పుకున్న పనిని గడువులోగా, ఎవరూ చూడకపోయినా నాణ్యంగా పూర్తిచేస్తాడు. ఇది మాట నిలుపుకోవడం. నాలుగు ప్రశ్నలకూ నిలబడుతుంది. అదే ఉద్యోగిని సంస్థపై విధేయత పేరుతో తప్పుడు లెక్కలపై సంతకం చేయమన్నా, నెలల తరబడి నిద్ర మానుకొని పనిచేయమన్నా అది రెండవ పాయకు చెందుతుంది. ఈ సందర్భంలో నిరాకరించడమే ధైర్యం.

6. సారాంశం

యోధ నీతులు చాలావరకు యోధుల కాలం ముగిశాక, లేదా యుద్ధాలు ఆగిపోయాక గ్రంథరూపం పొందాయి. ప్రతి తరం వాటిని తన అవసరానికి తగినట్లు తిరిగి రాసుకుంది. నిగ్రహం, మాట నిలకడ, సంసిద్ధత, ఆతిథ్యం నేటికీ ఆచరణీయాలు. గుడ్డి విధేయత, మరణారాధన, ప్రతీకారం ఆచరణీయాలు కావు. ఆదర్శాన్ని ఎంచుకొనే బాధ్యత చదివేవారిదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. హగకురే శాంతికాలపు రచన అనడంలోని ప్రాధాన్యం ఏమిటి?
2. హావమాల్ బోధలను హగకురేలోని ప్రధాన భావనతో పోల్చండి.
3. మీ వృత్తిలో లేదా కుటుంబంలో ‘విధేయత’ పేరుతో జరిగే ఒక సందర్భాన్ని ఎంచుకొని, నాలుగు ప్రశ్నల ఆధారంగా పరిశీలించండి.