చింతపిక్క చలవే!

ఎండాకాలంలో చింతపండు కొట్టి జాడీకెత్తుకున్నాక వాకిట్లో కుప్పగా మిగిలేవి పిక్కలు. వామనగుంటలకని పిల్లలు కొన్ని ఏరుకుంటారు. వేయించుకుని బుగ్గన పెట్టుకునే ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. మిగతావి పెంటలోకి పోతాయి. కొండపల్లిలో మాత్రం ఆ పిక్క లేనిదే ఏనుగుమీద అంబారీ నిలవదు. చేర్యాలలో అది లేనిదే గుడ్డ బొమ్మకు ఒప్పుకోదు.

విజయవాడ పక్కనున్న కొండపల్లి బొమ్మకు ఒళ్లు తెల్లపొణికి కర్ర. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఆ మెత్తదనమే దాని చిక్కు కూడా. పచ్చికర్రలో నీరు ఎక్కువ కాబట్టి, చెక్కేముందు సన్నని సెగ మీద తడి ఆరేదాకా కాస్తారు. బొమ్మను ఒకే దుంగలోంచి తీయరు. మొండెం వేరు, చేతులు వేరు, తలపాగా వేరుగా చెక్కి అతుకుతారు. అతికేది మక్కు, అంటే చింతపిక్కల పొడి ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. జిగురొక్కటే అయితే ఆరాక బీటలిస్తుంది. పొట్టు కలిస్తే దానికి కండ పడుతుంది, కర్రతో కర్రలా కలిసిపోతుంది. అందుకే మక్కును అతుకుకే కాదు, ముక్కు తీర్చడానికీ, చెవి మలచడానికీ, ఉలి చేరలేని చోట మడత దిద్దడానికీ వాడతారు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, ఆపైన రంగులేస్తారు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడూ, దశావతారాలూ, ఎడ్లబండీ అందరూ ఈ ముద్ద దయతోనే ఒక్కటిగా నిలబడ్డారు.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాలు గీసే నకాషీ కళాకారుల చేతికొచ్చేసరికి అదే పిక్క వేషం మారుస్తుంది. అక్కడ నూలుగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పొర మీద పొర పట్టిస్తారు. గుడ్డ రంగును పీల్చేసుకోకుండా పైన నిలపాలి, చుట్టచుట్టినప్పుడు పొర పెచ్చులూడకూడదు. ఈ రెండు పనులూ జిగురే చేస్తుంది. చుట్టచుట్టడం ఎందుకంటే, ఆ పటాలు గోడకు వేలాడదీసే అలంకారాలుగా పుట్టలేదు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్నీ, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణాన్నీ ఊరూరా విప్పి చూపిస్తూ చెప్పిన కథలవి. ఎర్రటి నేపథ్యం మీద గడి తరవాత గడిగా సాగుతాయి. కొబ్బరి చిప్ప మీద పొట్టూ జిగురూ కలిపిన ముద్దను అద్ది ముఖం తీర్చే చేర్యాల మాస్కులనైతే ఇప్పుడు నగరాల్లో డ్రాయింగ్ రూముల్లోనూ చూస్తున్నాం.

ఇక్కడొక మాట. బడుల్లో ‘వ్యర్థాలతో కళ’ అని పోటీలు పెడతారు. ఐస్‌క్రీమ్ పుల్లలతో ఇల్లు కట్టాలంటే, తినకుండానే కొత్త పుల్లల కట్ట దుకాణంలో కొనుక్కొస్తున్నాం! పారేసినదాన్ని దయతలచి వాడడం ఒక పని. దాని గుణం తెలిసి, దానికి మించినది లేదని వాడడం ఇంకో పని. మన బొమ్మల ఊళ్లది రెండోది.

శ్రీకాళహస్తి కలంకారీలో ఆ తెలివి ఎంత లోతైనదో కనిపిస్తుంది. అక్కడ నలుపు దుకాణంలో కొనేది కాదు. తుప్పుపట్టిన ఇనపముక్కలూ, బెల్లమూ, తాటిబెల్లమూ నీళ్లలో వేసి కుండకు మూతకట్టి వారాల తరబడి ఊరబెడతారు. బెల్లం పులిసి, ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. వచ్చే ద్రవం చూడ్డానికి నల్లగా ఉండదు. గుడ్డను ముందే కరక్కాయ రసంలో, గేదెపాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలోని వగరుకు కరిగిన ఇనుము తగలగానే, గీసిన గీత కళ్లముందే నల్లబడుతుంది. పాలు ఎందుకంటే, అందులోని కొవ్వు రంగును గీత దాటి పాకనివ్వదు. ఇక పటికను ముందుగా పూసినచోట మాత్రమే మొక్కల వేళ్లతో కాచిన ఎరుపు నిలిచి పట్టుకుంటుంది. ఇదంతా ఏ ప్రయోగశాలా చెప్పకముందే తరాల చేతులకు తెలుసు. కలం వెదురుపుల్ల. మొనకు కాస్త పైన చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ పోతుంటే రంగు దిగుతుంది. మొట్టమొదటి గీతలు గీసే బొగ్గు మాత్రం కాల్చిన చింతపుల్ల. చూశారా, చింతచెట్టు ఇక్కడా వదల్లేదు!

1950లలో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ్ చొరవతో శిక్షణ మొదలై ఉండకపోతే ఈ విద్య అంతరించేదే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాకలో అంకుడుకర్ర మీద లక్కబొమ్మలకు గింజల, ఆకుల, బెరళ్ల రంగులను తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో అదే గౌరవం. పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఆ రంగుల విలువ వేరే చెప్పక్కర్లేదు.

‘బెల్లం, పాలు, చింతపిక్కలేగా, ఇంత ధరా?’ అని ప్రదర్శనల్లో బేరమాడేవాళ్లు చాలామందే. మామూలు వస్తువులని మనం అనుకునేవి మామూలుగా దొరకడం మానేశాయని వాళ్లకు తెలియదు. పిక్కలకు కొదవలేదు. తెల్లపొణికి మాత్రం అడవిచెట్టు, నరికినంత వేగంగా పెరగదు. కొండపల్లివాళ్ల మొదటి బెంగ ఇప్పుడు కర్రే. కలంకారీకి కావలసింది పారే నీరు. పారే నీటిలో జాడిస్తే గుడ్డకు పట్టని రంగు కొట్టుకుపోతుంది, నిలవనీటిలో అయితే తిరిగొచ్చి తెల్లటిచోట అంటుకుంటుంది. శ్రీకాళహస్తి పక్కనున్న స్వర్ణముఖి నదిలో చూస్తే ఏడాదిలో చాలారోజులు ఇసుకే.

పోటీగా వచ్చిన స్క్రీన్ ప్రింట్ చీరలు ‘కలంకారీ’ పేరుతోనే సగానికి సగం ధరకు అమ్ముడవుతున్నాయి. ప్రింటని చెప్పి అమ్మితే తప్పేం లేదు, ఎవరి తాహతు వారిది. చెప్పకుండా అమ్మితేనే తంటా. కొనేముందు ఒక పని చేయండి. చీరలో రెండు చోట్ల ఒకే నెమలి ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. కలంతో గీసినవైతే రెండు మెడలూ ఒకేలా వంగవు, గీత ఒకచోట లావెక్కి, ఇంకోచోట సన్నబడుతుంది. అచ్చుగుద్దినట్టు ఉన్నాయా? అచ్చుగుద్దినవే.